ఒంటిగది బడిని కాపాడటం ఎలా?

1965 ఏప్రిల్ 11వ తేదీన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక చిన్న పాత బడి ముందు కూర్చొని, ఆ దేశాధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. పేద పిల్లల చదువుకు కేంద్ర ప్రభుత్వం నిధులివ్వాలన్నది ఆ చట్టం. ఆయన పక్కన ఒక వృద్ధురాలు కూర్చొని ఉన్నది. చిన్నప్పుడు ఆయనకు చదువు చెప్పిన మొదటి టీచరు ఆమె! 1912లో, నాలుగేళ్ల వయసులో, జాన్సన్ చదువుకున్న బడి అది. ఆ బడికి ఉన్నది ఒకే గది. అన్ని తరగతులకూ ఒకరే టీచరు. మన ఊళ్లలో ఏకోపాధ్యాయ పాఠశాల అంటామే, అటువంటిదన్నమాట.

వంద సంవత్సరాల క్రితం అమెరికాలో ఇటువంటి ఒంటిగది బళ్లు సుమారు రెండు లక్షలు ఉండేవి. పిల్లలు నడిచి రావాలి కనుక ప్రతి రెండు మూడు మైళ్లకూ ఒక బడి కావలసి వచ్చేది. తరువాత రోడ్లు పడ్డాయి, స్కూలు బస్సులు వచ్చాయి. చిన్న బళ్లను కలిపి పెద్ద బళ్లు కట్టారు. ఒంటిగది బళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని ఇళ్లయ్యాయి, కొన్ని గడ్డి దాచే కొట్టాలయ్యాయి, ఎన్నో కూలిపోయాయి.

అధ్యక్షుడు చదివిన బడిని ప్రభుత్వమే చూసుకుంటున్నది. అది జాతీయ చారిత్రక ఉద్యానవనంలో ఒక భాగం. మరి మామూలు మనుషులు చదివిన బళ్లను ఎవరు చూసుకుంటారు? చూసుకోవాలంటే ఏమి తెలిసి ఉండాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదుకుదాం.

ఎవరు కట్టిన బళ్లు?

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒకప్పుడు తెల్లవారి పిల్లలకు ఒక బడి, నల్లజాతి పిల్లలకు వేరొక బడి ఉండేవి. నల్లవారి బళ్లకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు బహు తక్కువ. చాలా ఊళ్లలో బడి కట్టడమే ఉండేది కాదు. పిల్లలు చర్చిలోనో, ఎవరి పాత ఇంటిలోనో కూర్చొని చదువుకునేవారు.

బానిసగా పుట్టి, గొప్ప విద్యావేత్తగా ఎదిగిన బుకర్ టి. వాషింగ్టన్ అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో ఒక విద్యాసంస్థను నడుపుతుండేవాడు. చికాగోలో పెద్ద వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఆయనకు స్నేహితుడయ్యాడు. ఇద్దరూ కలిసి పల్లెల్లో బళ్లు కట్టించే పథకం వేశారు. రోజెన్‌వాల్డ్ కొంత ఇస్తాడు. ఊరివారు కూడా కొంత వేసుకోవాలి. మొదటి బళ్లలో ఒకటి అలబామాలోని లోచపోక అనే ఊళ్లో 1913లో పూర్తి అయింది. అది ఒకే టీచరు ఉండే బడి. దాని ఖర్చు లెక్క చూడండి: రోజెన్‌వాల్డ్ ఇచ్చినది 300 డాలర్లు, ఇరుగుపొరుగు తెల్లవారు ఇచ్చినది 360, నల్లవారు స్థలం, సొమ్ము రూపంలో ఇచ్చినది 150, వారు చేసిన కాయకష్టం విలువ 132 డాలర్ల 50 సెంట్లు. మొత్తం 942 డాలర్ల 50 సెంట్లు. చెమటను కూడా డాలర్లలోకి మార్చి లెక్కలో రాశారు చూడండి!

1932 నాటికి 15 రాష్ట్రాలలో ఇటువంటి కట్టడాలు అయిదు వేలకు పైగా లేచాయి. అందులో ఒంటిగది బళ్లూ ఉన్నాయి, ఇంకా పెద్దవీ ఉన్నాయి. పన్నులు కడుతూనే, నల్లజాతి రైతులూ కూలీలూ మళ్లీ చందాలు వేసుకున్నారు. అలా వారు పోగుచేసినది సుమారు 47 లక్షల డాలర్లు. రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికంటే అది ఎక్కువే. 1928 నాటికి దక్షిణాది పల్లెల్లోని నల్లజాతి విద్యార్థులలో ముగ్గురిలో ఒకరు ఈ బళ్లలో చదువుతుండేవారు. పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ అటువంటి బడిలో చదివినవాడే.

1954లో అమెరికా సుప్రీంకోర్టు, జాతిని బట్టి బళ్లను వేరుచేయడం చెల్లదని తీర్పు చెప్పింది. మెల్లమెల్లగా పిల్లలందరూ ఒకే బడికి రాసాగారు. అది న్యాయమే. అయితే పాత బళ్లు ఖాళీ అయ్యాయి. వాటిలో ఇప్పుడు మిగిలినవి సుమారు 500 మాత్రమేనని అంచనా. 2002లో అమెరికాలోని జాతీయ చారిత్రక పరిరక్షణ సంస్థ వీటిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అప్పటికే చాలాచోట్ల పనిలోకి దిగినవారు ఆ బళ్లలో చదువుకున్న పూర్వ విద్యార్థులే. వర్జీనియా రాష్ట్రంలోని స్క్రాబుల్ బడినే చూడండి. అది ఒంటిగదికంటే కాస్త పెద్దది. 1921-22లో కట్టారు. 1968లో మూతపడింది. పూర్వ విద్యార్థుల పట్టుదలవల్ల మరమ్మతు జరిగి 2009లో మళ్లీ తలుపులు తెరుచుకున్నది. ఇప్పుడది పెద్దవారు కలుసుకునే చోటుగానూ, ఆ ఊరి చరిత్ర చెప్పే చోటుగానూ ఉన్నది.

కరెంటు లేని గదిలో వెలుతురు

మరమ్మతు చేసేవారు మొదట తెలుసుకోవలసినది, ఆ కట్టడం ఎలా పనిచేసేదో. అవును, బడి కట్టడం కూడా ఒక యంత్రం వంటిదే. ఆ రోజుల్లో పల్లెలకు కరెంటు లేదు. గదిలో వెలుతురు అంతా సూర్యుడిదే. అందువల్ల రోజెన్‌వాల్డ్ బళ్ల నమూనాలలో కిటికీలను ఇష్టం వచ్చినచోట పెట్టలేదు. పొడవాటి కిటికీలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటిగా ఒకే గోడకు పెట్టి, ఆ గోడ తూర్పుకో పడమరకో ఉండేలా చూశారు.

ఎందుకు? కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న అలబామా వంటిచోట మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు. చలికాలంలో బాగా కిందికి వాలి ఉంటాడు. కిటికీలు దక్షిణాన ఉంటే రోజంతా ఎండ కళ్లలో కొడుతుంది. ఉత్తరాన ఉంటే చలికాలమంతా గదిలోకి ఎండే రాదు. తూర్పుకో పడమరకో ఉంటే ఒక పూట మాత్రమే ఎండ వస్తుంది. అప్పుడు తెర దించుకుంటే సరిపోతుంది. మిగతా పూట ఆకాశం నుంచి మెత్తని వెలుతురు వస్తూనే ఉంటుంది. రోడ్డు ఏ దిక్కున ఉన్నా ఈ నియమం తప్పకూడదు కనుక, ఉత్తర దక్షిణ ముఖాలకు ఒక నమూనా, తూర్పు పడమర ముఖాలకు మరొక నమూనా తయారుచేశారు!

కిటికీలు దాదాపు పైకప్పు వరకూ ఎత్తుగా ఉండేవి. కిటికీ ఎంత ఎత్తుకు పోతే వెలుతురు గదిలోకి అంత దూరం వస్తుంది. కిటికీ పై అంచు ఎంత ఎత్తున ఉన్నదో దానికి సుమారు రెండు రెట్ల దూరం వరకు చదువుకోవడానికి చాలినంత వెలుతురు చేరుతుంది. మూడు మీటర్ల ఎత్తు కిటికీ అయితే ఆరు మీటర్ల దూరం అన్నమాట. పైకప్పుకు లేత రంగు వేసేవారు. లేత రంగు ఎక్కువ కాంతిని తిప్పి పంపుతుంది గదా.

బల్లలను కిటికీలు ఎడమ చేతివైపు ఉండేలా వేసేవారు. కుడిచేత్తో రాసేవారికి కుడివైపునుంచి వెలుతురు వస్తే, చేతి నీడ రాసే అక్షరంమీదే పడుతుంది. ఎడమనుంచి వస్తే పడదు. మేము బి.ఇడి. చదివేటప్పుడు తరగతి గది గురించి నేర్చుకున్న మొదటి సూత్రాలలో ఇది ఒకటి. మరి ఎడమచేతి వాటం పిల్లల సంగతి ఏమిటి? ఆలోచించండి.

గాలి సంగతి కూడా చూడండి. ఆ కిటికీలకు కింద ఒక రెక్క, పైన ఒక రెక్క. రెండూ పైకీ కిందికీ జరుగుతాయి. పై రెక్కను కొంచెం దించి, కింది రెక్కను కొంచెం ఎత్తితే, తేలికైన వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లని గాలి కిందినుంచి వస్తుంది. ఇదే సంవహనం. ఎదురు గోడకు ఎత్తున చిన్న గాలికిటికీలు పెట్టి గాలి అడ్డంగా పారేట్టు చేశారు. కట్టడాన్నంతటినీ ఇటుక దిమ్మెలమీద నేలకు ఎడంగా నిలబెట్టారు. అడుగున కూడా గాలి ఆడుతుంది. ఈ ఎడమే చెక్క బడికి ప్రాణం. ఎందుకో చూద్దాం.

చెక్కకు శత్రువు ఎవరు?

ఈ బళ్లు చాలావరకు చెక్కతో కట్టినవి. చెక్క కుళ్లిందంటే వయసు వచ్చిందని అనుకుంటాం. అది పొరపాటు. వయసువల్ల చెక్క కుళ్లదు. దాన్ని శిలీంధ్రాలు తింటాయి. పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే. శిలీంధ్రం బతకడానికి నాలుగు కావాలి: ఆహారం, గాలి, వెచ్చదనం, నీరు. ఆహారం చెక్కే. గాలినీ వెచ్చదనాన్నీ మనం ఆపలేం. మన చేతిలో ఉన్నది నీరు ఒక్కటే.

చెక్కలో తేమను ఇలా లెక్క కడతారు. ఒక ముక్కను తూచండి. పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి నూటితో హెచ్చవేయండి. ముక్క 130 గ్రాములు ఉండి, ఆరిన తరువాత 100 గ్రాములు అయితే తేమ 30 శాతం. అంత తేమ ఉంటే శిలీంధ్రానికి పండుగే. 20 శాతంకంటే తక్కువ ఉన్న చెక్కను అది తినలేదు. అంటే, పొడిగా ఉంచగలిగితే చెక్క వందల సంవత్సరాలు ఉంటుంది!

అందువల్ల బడిని బాగుచేసేవారు మొదట రంగు డబ్బా పట్టుకోరు. మొదట పైకప్పు ఎక్కుతారు. ఎక్కడ రేకు లేచింది, ఎక్కడ మేకు ఊడింది అని చూస్తారు. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా దూరంగా పోయేట్టు చేస్తారు. కప్పుమీదికి వంగిన కొమ్మలను నరుకుతారు. దిమ్మెల మధ్య గాలికి అడ్డంగా చేరిన మట్టినీ ఆకులనూ తీసేస్తారు. చెదలు మట్టిగొట్టాలు కట్టుకొని పైకి పాకుతున్నాయేమో చూస్తారు. దిమ్మెలు ఎత్తుగా, శుభ్రంగా ఉంటే ఆ గొట్టాలు సులువుగా కంటబడతాయి.

దబ్బనం, మీటరు, జాకీ

రంగు కింద కుళ్లు ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే చవకైన పరికరం దబ్బనం. మంచి చెక్కలో అది దిగదు. కుళ్లిన చెక్కలో వెన్నలో దిగినట్టు దిగుతుంది. రెండవది తేమ మీటరు. దానికి రెండు సూదులుంటాయి. వాటిని చెక్కలో గుచ్చితే, ఆ రెండింటి మధ్య విద్యున్నిరోధం ఎంత ఉన్నదో కొలిచి తేమ శాతాన్ని చూపిస్తుంది. ఎండిన చెక్కలో నిరోధం చాలా ఎక్కువ. తేమ పెరిగే కొద్దీ తగ్గుతుంది. మీరు బట్టరీ, బల్బుతో చేసే వాహకాల ప్రయోగంలోని సూత్రమే ఇది.

గోడ బరువంతా మోసేది అడుగున ఉండే దూలం. అది కుళ్లితే బడి ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు కింద జాకీలు పెట్టి కట్టడాన్ని ఎత్తాలి. లారీవాళ్లు చక్రం మార్చేటప్పుడు చూసి ఉంటారు. ఒక మనిషి చేతులతో ఇంత బరువు ఎలా లేస్తుంది? మర జాకీ పిడి పొడవు 35 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టు తిప్పితే చేయి 220 సెంటీమీటర్లు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టుకు జాకీ లేచేది 1 సెంటీమీటరు అనుకుంటే, ఘర్షణ లేకపోతే బలం 220 రెట్లవుతుంది. ఘర్షణ ఉంటుంది కనుక అసలు లాభం బాగా తగ్గుతుంది. అయినా తక్కువేమీ కాదు. కట్టడాన్ని ఒక్కసారిగా ఎత్తరాదు. అన్ని జాకీలనూ కొద్ది కొద్దిగా, ఆగి ఆగి తిప్పుతారు. తొందరపడితే గోడలు చీలుతాయి, అద్దాలు పగులుతాయి.

తరువాత కుళ్లినంతవరకే కోసి, అదే జాతి కర్రతో అతుకు వేస్తారు. మొత్తం దూలాన్ని పారేసి కొత్తది పెడితే సులువు గదా అంటారేమో. పాత పైన్ కర్రలో చాలావరకు చేవ ఉంటుంది. అడవిలో నెమ్మదిగా పెరిగిన చెట్టు కనుక వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. తోటల్లో త్వరగా పెంచిన కొత్త కర్ర దానికి సాటి రాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఆ రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు చేటు చేస్తుంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. మన దేశంలో కఠినమైన పరిమితి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అందువల్ల తెలిసినవారు తడిపి గీకుతారు, తగిన ముసుగు వేసుకుంటారు, చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వరు. మీ పాత తలుపు రంగును కూడా మీరు గీకకండి.

మంచి చేయబోతే చెడు

పాత కట్టడాలకు నిర్లక్ష్యం ఎంత చేటో, తెలియని మరమ్మతు కూడా అంతే చేటు. మెత్తని ఇటుకలను సున్నంతో కట్టిన దిమ్మె ఒకటి ఉన్నదనుకోండి. అతుకుల్లో సున్నం రాలింది. గట్టిగా ఉంటుందని సిమెంటు కూరారు. ఏమవుతుంది? సున్నంలో సన్నని రంధ్రాలుంటాయి. ఇటుక పీల్చిన నీరు వాటిగుండా బయటికి పోతుంది. సిమెంటు ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. నీరు ఇటుక ముఖంనుంచే పోవాలి. పోతూపోతూ తనలో కరిగిన లవణాలను అక్కడ వదులుతుంది. అవి స్ఫటికాలై ఉబ్బి, ఇటుకను పొరలు పొరలుగా రాలుస్తాయి. అతుకు నిలిచింది, ఇటుక పోయింది! అందుకే తెలిసినవారు పాత సున్నానికి సున్నమే వాడతారు.

సున్నం గట్టిపడటం కూడా చిత్రమే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని కాలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే తడిసున్నం అవుతుంది. గోడలో పెట్టిన తరువాత అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను నెమ్మదిగా తీసుకొని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. రాయి రాయిగానే తిరిగి వస్తుంది! మన కోటల్లో వాడిన డంగు సున్నానికి కూడా మూలం ఈ రసాయన చర్యే.

గోడ చెప్పే సాక్ష్యం

పని చేసేవారు మధ్య మధ్య పరిశోధకులు కూడా అవుతారు. గోడమీద చుట్టూ రంగు మాసి, మధ్యలో దీర్ఘచతురస్రం వేరేగా కనిపిస్తే, అక్కడ నల్లబల్ల ఉండేదన్నమాట. పైకప్పులో గుండ్రటి అతుకు కనిపిస్తే, ఇనుప పొయ్యి గొట్టం అక్కడినుంచి పోయేది. రంగు పెళ్లను అంచువైపునుంచి భూతద్దంతో చూస్తే పొరలు కనిపిస్తాయి. అన్నిటికంటే లోపలిది మొదటి రోజు వేసిన రంగు. వీటికి తోడు, నాష్‌విల్ నగరంలోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌వాల్డ్ బళ్ల పాత ఫొటోలూ లెక్కల కార్డులూ భద్రంగా ఉన్నాయి. వాటితో సరిచూసుకోవచ్చు. ఇక పొయ్యి ఎక్కడ ఉండేదో, దాని పక్కన ఎవరు కూర్చునేవారో, కట్టెలు ఎవరు తెచ్చేవారో చెప్పడానికి వృద్ధులైన పూర్వ విద్యార్థులు ఉండనే ఉన్నారు. అయితే వారు ఎంతకాలమో ఉండరు. అందుకే ఈ పనికి తొందర.

కూలిపోయిన బడి గురించి పుస్తకంలో రాయవచ్చు గదా, కట్టడమెందుకు అని ఎవరైనా అడగవచ్చు. పుస్తకంలో 132 డాలర్ల 50 సెంట్లు అని ఉంటుంది. ఆ దూలం కింద నిలబడి, ఆ మేకులు చూసినప్పుడు, పగలంతా ఇంకొకరి పొలంలో పనిచేసి వచ్చిన మనిషి తన పిల్లల కోసం కొట్టిన మేకు ఇదే అని తెలుస్తుంది. కాగితంమీద అంకె చెప్పలేనిది అది.

మీ బడి సంగతి

మీరు అమెరికా పోనక్కరలేదు. మీరు చదివిన ప్రాథమిక పాఠశాల కూడా ఎవరో స్థలమిచ్చి, ఎవరో చందాలిచ్చి కట్టినదే కావచ్చు. ఈసారి వాన పడ్డప్పుడు, సైన్సు మాస్టారి అనుమతితో, ఒక నోటుపుస్తకం తీసుకొని దాని చుట్టూ తిరగండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? గోడమీద తేమ మచ్చ ఎంత ఎత్తుకు వచ్చింది? మచ్చ అంచున సుద్దముక్కతో గీత గీసి, తేదీ వేసి, నెల తరువాత మళ్లీ చూడండి. తెల్లని ఉప్పు పూత ఎక్కడైనా కనిపించిందా? రావి మొలక ఎక్కడైనా వేరు దించుతున్నదా? అది వేలంత ఉన్నప్పుడే పెద్దవారితో పీకించండి. చేయంత లావైన తరువాత దాన్ని పీకితే గోడ కూడా వస్తుంది.

తరువాత ఊళ్లో అందరికంటే పెద్దవయసువారి దగ్గరికి వెళ్లి, "తాతా, మన బడిని ఎవరు కట్టించారు?" అని అడిగి, చెప్పినదంతా రాసుకోండి. బడిని కాపాడే పని ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.